చోటు చెప్పే వంతు

మా ముగ్గురికీ ఒక నియమం ఉండేది. నెలలో రెండో ఆదివారం మధ్యాహ్నం ఎక్కడున్నా కలిసి భోంచేయాలి. ఎక్కడ తినాలో చెప్పే వంతు నెలకొకరిది. వంతు వచ్చినవాడే చోటు చెప్తాడు, వాడే సర్వరుతో మాట్లాడతాడు, ఏమేం తేవాలో వాడే చెప్తాడు. మిగతా ఇద్దరూ నోరు మూసుకుని వచ్చింది తినాలి. ఇంజనీరింగు చదివే రోజుల్లో ఏం తిందామన్న గొడవతోనే సగం ఆదివారం పోయేది. ఆ గొడవ తెంచడానికి పెట్టుకున్న నియమం అది. ఉద్యోగాలు వచ్చాక కూడా వదల్లేదు.

నేను కడప దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో పని చేస్తాను. బస్తాలోకి వెళ్ళే ముందు పొడిని పరీక్షించి, పాసో ఫెయిలో చెప్పడం నా పని. రెండోవాడు కడపలోనే పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తాడు. అతన్ని మేం మాస్టరు అంటాం. మూడోవాడు కర్నూలులో ట్రాక్టర్ల షోరూములో అమ్మకాలు చూస్తాడు. ఎండలో నడిచొచ్చిన రైతుకు ముందు మజ్జిగ ఇచ్చి, తర్వాత నవ్వించి, ఆ తర్వాత ట్రాక్టరు అమ్ముతాడు. ఈ రాసేదంతా వాడి గురించే. పేరు రాయను. చదివితే వాడికే తెలుస్తుంది, నాకు అది చాలు.

ఎక్కువసార్లు మైదుకూరులో కలిసేవాళ్ళం. అది నాకు దగ్గర, వాడికి దూరం. అయినా వాడే పట్టుబట్టేవాడు. అక్కడ రోడ్డు పక్కన రేకుల కింద ఒక సంగటి హోటలు ఉంది. వాడు అంత దూరం వచ్చేది మా కోసం కాదు, ఆ హోటలు బోటి కోసం. గొర్రె పేగుల కూర ముందర పెడితే వాడు ఫోను కూడా ఎత్తడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. వాళ్ళది నీచు ముట్టని ఇల్లు. ఆదోని వైపు పల్లె. పక్కింట్లో మాంసం ఉడుకుతుంటే వాళ్ళమ్మ కిటికీలు మూసి ఊదొత్తి వెలిగిస్తుంది. మొదటి సంవత్సరంలో నా వంతు వచ్చినప్పుడు, నాకు ఆ సంగతి తెలియక, ముగ్గురికీ కీమా చెప్పాను. వాడు కంచం వైపు చూశాడు, నా వైపు చూశాడు, నియమం ప్రకారం తిన్నాడు. ఆ తర్వాత మాకంటే పెద్ద భక్తుడయ్యాడు. తలకాయ, నల్లి, బోటి, రక్తం వేపుడు, ఈ వరసలో ఎక్కాడు. ఇంటికి వెళ్ళే ముందు బస్టాండులో సోంపు నమిలి, చొక్కా మార్చుకునేవాడు. ఆ రహస్యం మా ముగ్గురిది. దాన్ని ఎనిమిదేళ్ళు కాపాడాము.

నా అలవాటు వేరు. నేను మార్కులు వేస్తాను. నీళ్ళ గ్లాసు అడుగు ఎలా ఉంది, ఉప్పు సరిపోయిందా, వేడిది వేడిగా వచ్చిందా, వడ్డించేవాడి బొటనవేలు సాంబారులో మునిగిందా, చెయ్యి కడుక్కునే చోట సబ్బు ఉందా. ఒక్కోదానికి ఐదు. తిని బయటికి వచ్చాక కిళ్ళీ కొట్టు దగ్గర ఫలితం చెప్పేవాణ్ణి. వాళ్ళిద్దరూ దానికోసం ఎదురుచూసేవాళ్ళు. కర్నూలులో ఒక సందులోని ఉగ్గాని బజ్జికి ఇరవై ఐదుకు ఇరవై రెండు ఇచ్చినప్పుడు ట్రాక్టర్లవాడు లోపలికి వెళ్ళి ఆ అవ్వతో చేతులు కలిపి వచ్చాడు. కడపలో ఒక కారం దోసెల కొట్టుకు మాత్రం తొమ్మిదే ఇచ్చాను. అక్కడ దోసె ఒక పక్క మాడి, రెండో పక్క పచ్చిగా వచ్చింది. వెనక్కి పంపాను. ఇంకోటి అలాగే వచ్చింది. లేచి వెళ్ళి చూస్తే కారణం దొరికింది.

“మీ పెనం వాలింది. నూనె అంతా ఎడమ పక్కకే పోతోంది,” అన్నాను కొట్టు యజమానితో.

“ముప్పై ఏండ్లాయ సారూ ఈ పెనం మీద పోస్తాండా. నీకంటే ముందర పుట్టింది ఇది,” అన్నాడాయన.

“అప్పటినుంచే వాలి ఉంటుంది.”

ఆయన అట్లకాడ పైకెత్తాడు. మాస్టరు నా చెయ్యి పట్టి బయటికి లాగాడు. ట్రాక్టర్లవాడు రోడ్డు మీద నిలబడి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ రోజు నేనూ నవ్వాను. అలవాటును ఎగతాళి చేసే హక్కు వాళ్ళకు ఉందనే అనుకున్నాను. మా ముగ్గురి మధ్య ఉన్నంతవరకు.

నాకు సంబంధం వచ్చింది. ఆమె ప్రొద్దుటూరులో మందుల షాపులో ఫార్మసిస్టు. ఇంట్లో కూర్చోబెట్టి చూసే తతంగం రెండు వైపులా ఎవరికీ ఇష్టం లేక ఒంటిమిట్టలో కలిశాం. పెద్దవాళ్ళు దర్శనానికి వెళ్ళినప్పుడు మమ్మల్ని మంటపం మెట్ల మీద వదిలేశారు. ఆమె ముందే చెప్పేసింది.

“నాకు వంట రాదు. పప్పొకటే చేస్తా. అదీ ఒకపూట గట్టిగా, ఒకపూట నీళ్ళుగా వస్తాది.”

“రెండూ తింటాను.”

“ఉత్త మాట.”

“కావాలంటే రాసిస్తాను.”

“రాతలేమొద్దులే. తిని చూపిచ్చు,” అంది.

ఆ మాట అని ఆమె చెప్పుల పట్టీ సర్దుకునే నెపంతో తల వంచుకుంది. నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు. అడగాల్సినవి ఫోనులో ఏడు అంశాలుగా రాసుకుని వెళ్ళాను. ఒక్కటీ తెరవలేదు. కడపకు తిరిగి వస్తూ, నీళ్ళ పప్పుకు ఉప్పు ఎంత పట్టాలో ఆలోచించుకుంటూ వచ్చాను.

మా వైపు సంబంధం కుదిరేముందు ఒక పని తప్పనిసరిగా చేస్తారు. అబ్బాయి స్నేహితులను పట్టుకుని విచారిస్తారు. ఇంట్లోవాళ్ళు ఎలాగూ మంచే చెప్తారు, నిజం స్నేహితుల నోట్లోంచి జారుతుందని నమ్మకం. దానికి పద్ధతి కూడా ఉంది. వచ్చినాయన భోజనానికి పిలుస్తాడు, ట్రాక్టరు గురించో వర్షం గురించో మాట్లాడతాడు, పెరుగన్నం కలుపుకునేటప్పుడు అసలు మాట అడుగుతాడు. ఆమె మేనమామ కర్నూలులో ట్రాక్టర్లవాణ్ణి బిర్యానీ హోటలుకు తీసుకెళ్ళాడు.

వాడు చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. మొదట సంబంధం తెచ్చిన మా చిన్నమ్మ చెప్పింది. తర్వాత వాడే నటించి చూపించాడు.

“మనిషి బంగారం మామా. అయితే తిండి దగ్గర కొంచెం...” అన్నాడట, ఆగాడట. ట్రాక్టరు అమ్మేటప్పుడు కూడా వాడు అక్కడే ఆగుతాడు. ఎదుటివాడు ముందుకు వంగుతాడు.

“తిండి దగ్గర ఏమి?”

“ఏ హోటలుకు పోయినా మార్కులేస్తాడు. ఉప్పుకు ఇన్ని, కారానికి ఇన్ని. కడపలో ఒకాయన దోసెను రెండుసార్లు వెనక్కి పంపిచ్చినాడు. ఆయప్ప ఇప్పటికీ మావాన్ని చూస్తే అట్లకాడ పట్టుకుంటాడు. రేపు పెండ్లాం పప్పు చేసినా పరీక్ష పెట్టి రిజల్టు చెప్తాడు చూడు.”

మేనమామ పడీ పడీ నవ్వాడట. ఇంటికి వెళ్ళి నవ్వుతూనే చెప్పాడట. ఆమె తల్లి నవ్వలేదు. వాళ్ళ పెద్దమ్మాయి భర్త, కూరలో ఉప్పు ఎక్కువైతే కంచం గోడకేసి కొట్టే మనిషి. ఆ అమ్మాయి రెండేళ్ళుగా పుట్టింట్లోనే ఉంటోంది. అన్నం దగ్గర తప్పులు పట్టే ఇంటికి రెండో పిల్లను ఇవ్వమని ఆ తల్లి అదే పూట తేల్చేసింది. నేను మేనమామకు ఒక్కసారి ఫోను చేశాను.

“నాదేముందప్పా, మీ ఫ్రెండే చెప్పినాడు కదా. నీ మంచి కోరేటోడేనంటివే,” అన్నాడాయన.

ఆమె అక్క సంగతి ట్రాక్టర్లవాడికి తెలియదు. అది నేను ఒప్పుకుంటాను. కానీ సంబంధం పోయిందని తెలిశాక ఏం చేశాడన్నదే లెక్క. ఆ నెల ఆదివారం కర్నూలులో కలిశాం. వంతు వాడిది. నాటుకోడి వచ్చేలోపు వాడు మాస్టరుకు ఆ ముచ్చటంతా నటించి చూపించాడు. మేనమామ ముందుకు వంగడం, తన ఆగడం, అట్లకాడ, అంతా. పక్క బల్లవాళ్ళు కూడా తిరిగి నవ్వారు.

“దానివల్ల సంబంధం పోయిందిరా,” అన్నాను.

“తమాషాకు అన్నా రా. అంతమాత్రానికే పోయిందంటే అది నిలిచే సంబంధం కాదులే. నాకు థ్యాంక్స్ చెప్పు,” అని లెగ్ పీసు నా కంచంలో వేశాడు.

నేను ఆ పీసు తిన్నాను. కిళ్ళీ కొట్టు దగ్గర మాస్టరు అలవాటు ప్రకారం “ఎన్నిరా?” అని అడిగాడు. మార్కులు మానేశానని చెప్పాను. ట్రాక్టర్లవాడు దానికీ నవ్వాడు. వాడి కోసం నేను అప్పటికే వేరే పరీక్ష మొదలుపెట్టానని వాడికి తెలియదు.

మా ప్రయోగశాలలో సిమెంటుతో చిన్న దిమ్మెలు పోసి నీళ్ళ తొట్టిలో వదిలేస్తాం. తొందరపడి బయటికి తీసి నొక్కితే అవి పిండిలా రాలిపోతాయి. నీళ్ళలో ఊరనిస్తే నాలుగు వారాలకు రాయి అవుతాయి. కోపం కూడా అలాగే ఊరిందని చెప్పను, నాకు పోలికలు రావు. నేను చేసింది ఒక్కటే: ఏమీ చేయకుండా ఉన్నాను. ప్రతి నెలా కలిశాను. సంగటి మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుని, నమలకుండా మింగాను. వాడి జోకులకు సమయానికి నవ్వాను.

ఆరు నెలలు గడిచాక ఒక రోజు డ్యూటీ మీద వెళ్తూ మైదుకూరులో కాఫీకి ఆగాను. రోడ్డు పక్కన కొత్తగా ఒక శాకాహార హోటలు తెరిచారు. ఉల్లిపాయ కూడా అడిగితేనే వేస్తామని బోర్డు. కాఫీ తెచ్చిన మనిషిని చూసి ఆశ్చర్యపోయాను. మా సంగటి హోటల్లో ఏళ్ళ తరబడి మాకు వడ్డించిన సర్వరు. నలభై దాటినవాడు. మేం కూర్చోగానే అడక్కుండా ఎవరి మామూలు వాళ్ళ ముందు పెట్టేవాడు. వంతు నియమం మాకే గానీ అతనికి కాదు.

“ఈడికొచ్చినావే?” అన్నాను.

“ఆ రేకుల కింద మంట తట్టుకోలేకపోతి సారూ. ఈడ ఫ్యానులుండాయి. మీవోళ్ళు బాగుండారా? మన బోటి అన్న?”

ఆ పేరు అతను నోరారా అన్నాడు. నేను కాఫీ తాగి, ఇంకో కాఫీ కూడా తాగాను. ఏం చేయాలో అప్పుడు ఏమీ అనుకోలేదు. ఆ పేరు మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

నెల తిరక్కముందే ట్రాక్టర్లవాడి ఫోను వచ్చింది.

“రేయ్, నాకు సంబంధం ఖాయమయ్యేట్టుంది. ఎమ్మిగనూరోళ్ళు. పిల్ల బ్యాంకులో చేస్తాది, శానా బాగుంటాది. వాళ్ళ నాయన మీతో ఒకసారి మాట్లాడల్లంటాండాడు. ఆయప్ప ఏదో పనిమీద కడపకు వస్తాండాడు, మధ్యలో మైదుకూరులో కూర్చుందాం.”

“సరే.”

“ఆయప్ప చానా నిష్ఠ. నీచు వాసనొచ్చిన రోడ్డులో కూడా నడవడు. మంచి శాకాహార హోటలు చూడు. ఈ నెల వంతు నీదే కదా.”

“నాదే. చోటు నేను చూస్తా,” అన్నాను.

ఆ మాట వాడితో అంత ప్రేమగా నేను ఎప్పుడూ అనలేదు.

పెద్దాయన తెల్లటి పంచె, నుదుట విభూతి. మెల్లగా మాట్లాడే మనిషి. వచ్చీ రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కున్నాడు. ట్రాక్టర్లవాడు కొత్త చొక్కా వేసుకుని, మామా మామా అంటూ కుర్చీ తుడిచాడు. మాస్టరు బెదురుగా ఉన్నాడు. అతనికి అబద్ధం చెప్పాల్సి వస్తే చెవులు ఎర్రబడతాయి. నేను గోడ వైపు, వంటింటి ద్వారం కనిపించే చోట కూర్చున్నాను.

అరిటాకులు పరిచారు. సర్వరు నీళ్ళ జగ్గుతో వచ్చాడు. ముందు నన్ను చూసి నవ్వాడు. తర్వాత పక్కకు చూశాడు. ముఖం వెలిగిపోయింది.

“అన్నా! నువ్వా! ఎన్నాళ్ళాయన్నా చూసి! ఈడికొస్తివేమి, ఈడ బోటి దొరకదు కదన్నా!”

పెద్దాయన సర్వరునీ, ట్రాక్టర్లవాణ్ణీ మార్చి మార్చి చూశాడు.

“వేరే ఎవరో అనుకుంటాండావప్పా,” అన్నాడు మాస్టరు. చెవులు అప్పుడే ఎర్రబడ్డాయి.

సర్వరు చిన్నబుచ్చుకున్నాడు. “అయ్యో, ఎట్ల మర్చిపోతా సారూ? బోటి కారం బాగా, నిమ్మకాయ రెండు చెక్కలు, ఉల్లిగడ్డ వద్దు. తిన్నాక తలకాయ కూర కట్టిచ్చుకోని పోతాడు కదా. ఈడ ముద్దపప్పు బాగుంటాది అన్నా, అదే తెస్తాలే.” ప్రేమగా వాడి భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ట్రాక్టర్లవాడు బల్ల కింద మోకాలితో నా మోకాలిని నొక్కాడు. గట్టిగా, రెండుసార్లు. వాడు ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. బోటి తినేది నేనని, సర్వరు మనుషులను కలగాపులగం చేశాడని ఒక్క మాట అంటే చాలు. నాకు నీచు తినడానికి అడ్డేమీ లేదు. పెద్దాయన నమ్మేవాడు కూడా. అబద్ధం చెప్పే ముఖం కాదు నాది.

పెద్దాయన వాడిని ఏమీ అడగలేదు. నా వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పప్పా. నిన్నడగల్లనే ఇంత దూరం వచ్చినా. పిల్లోడు ఎట్లాంటోడు?”

పప్పు ఇంకా రాలేదు. పెరుగన్నం దాకా ఆగే పద్ధతి ఆయన పాటించలేదు. నేను నీళ్ళు తాగాను. గ్లాసు అడుగు శుభ్రంగా ఉంది.

“మనిషి బంగారం సార్,” అన్నాను. “అయితే తిండి దగ్గర కొంచెం...”

అని ఆగాను. పెద్దాయన ముందుకు వంగలేదు, ఆయనకు ఇంకేమీ అవసరం లేకపోయింది. ట్రాక్టర్లవాడి మోకాలు నా మోకాలి మీంచి వెళ్ళిపోయింది. ఆ మాటలు ఎక్కడివో వాడికి ఆ క్షణంలోనే గుర్తొచ్చాయి. వాడి ముఖంలో అది గుర్తు రావడాన్ని నేను చూశాను. అంతవరకు నేను తిన్న ఏ భోజనానికీ ఇరవై ఐదుకు ఇరవై ఐదు ఇవ్వలేదు.

పెద్దాయన లేచి వెళ్ళిపోతాడని అనుకున్నాను. వెళ్ళలేదు. పరిచిన విస్తరిని వదిలి లేవడం ఆయనకు నిష్ఠ కాదు. పప్పు, కూర, రసం, మజ్జిగ, వరసగా అన్నీ నెమ్మదిగా తిన్నాడు. సర్వరు రసం మళ్ళీ తెచ్చినప్పుడు “చాలు నాయనా, బాగుండాది” అని కూడా అన్నాడు. సర్వరుకు ఏమీ తెలియలేదు. తన వల్ల ఒక పెళ్ళి ఆగిందని అతనికి ఇప్పటికీ తెలియదు. చెయ్యి కడుక్కుని వచ్చాక పెద్దాయన ముగ్గురికీ దణ్ణం పెట్టి, కారెక్కి, కడపకు కాకుండా ఎమ్మిగనూరు వైపు వెళ్ళిపోయాడు.

హోటలు ముందు ఎండలో ట్రాక్టర్లవాడు నన్ను ఆపాడు.

“ఆ సర్వరు ఈడుండాడని నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎందుకురా?”

“తమాషాకు అన్నా,” అన్నాను.

వాడు చెయ్యెత్తాడు. మాస్టరు మధ్యకు వచ్చాడు. చెయ్యి దించి, కిళ్ళీ కొట్టు వైపు కూడా చూడకుండా బైకు ఎక్కాడు. అంతే. ఆ తర్వాత రెండో ఆదివారాలు లేవు.

మాటలు ఊరుకోవు కదా. ఎమ్మిగనూరు నుంచి ఆదోని వైపు పల్లెకు ఆ సంగతి చేరింది. వాళ్ళమ్మ వాడి కంచం, గ్లాసు వంటింట్లోంచి తీసి వసారాలో గూట్లో పెట్టిందట. పండక్కి వెళ్ళినా అక్కడే తిని, తనే కడిగి, బోర్లించాలి. వాళ్ళ నాన్న వాడితో పొలం సంగతులు తప్ప ఇంకేమీ మాట్లాడడట. ఇదంతా మాస్టరు చెప్పాడు. “నీకు జాలి లేదారా?” అని అడిగాడు. నాకు ఒంటిమిట్ట మెట్లు గుర్తొచ్చాయి. ఆమెకు పోయిన సంవత్సరం జమ్మలమడుగులో పెళ్ళయింది. అతను ఆమె పప్పు గురించి ఏమంటాడో నాకు తెలియదు. లేదు, అన్నాను.

ఇక్కడితో ఆగితే లెక్క సరిపోయేది. కానీ ఈ సంవత్సరం మొదట్లో నాకు ఇంకో సంబంధం వచ్చింది. రాయచోటి వైపు అమ్మాయి, బడిలో లెక్కలు చెప్తుంది. నా మార్కుల సంగతి మొదటి రోజే నేనే చెప్పాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టి, “ఐదు విషయాలకూ సమానంగా ఐదేసి ఎట్లిస్తారు? ఉప్పూ సబ్బూ ఒకటేనా?” అంది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈ సంబంధం పోగూడదని నాకు భయం పట్టుకుంది.

వాళ్ళన్న విచారణకు వచ్చాడు. మాస్టరు పేరు ఇచ్చాను. మాస్టరు తన చెవులకు భయపడో, మా ఇద్దరినీ కలపాలనో, “వాని గురించి నాకంటే ఇంకో ఫ్రెండుకు బాగా తెలుసు” అని ట్రాక్టర్లవాడి నంబరు ఇచ్చాడు. ఆ సాయంత్రమే నాకు ఫోను వచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ గొంతు విన్నాను. పలకరింపు లేదు.

“ఆదివారం కడపలో. కారం దోసెల కొట్టు. నువ్వు కూడా రావల్ల. ఈసారి వంతు నాది.”

రానని అంటే ఎందుకు రావని వాళ్ళన్న అడుగుతాడు. వెళ్ళాను.

కొట్టు యజమాని నన్ను దూరం నుంచే గుర్తుపట్టాడు. పెనం దగ్గరి నుంచి అట్లకాడతో సహా వచ్చాడు.

“రా సారూ రా! నీ మాట విని పొయ్యి కింద రాయి పెట్టినా. ఇప్పుడు కుడి పక్కకు వాలింది. తిని చెప్పు, ఎన్ని మార్కులు?”

అమ్మాయి అన్న నన్ను చూస్తున్నాడు. ట్రాక్టర్లవాడు కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. దోసె వచ్చింది. కుడి పక్క నల్లగా మాడింది, ఎడమ పక్క పిండి తడిగా ఉంది. ఎర్రకారం అంతా ఒకచోటే ముద్దకట్టింది. నేను ఒక్క ముక్క వదలకుండా తిన్నాను.

“బాగుంది,” అన్నాను.

“బాగుందంటప్పా. ఇంకోటి వెయ్యి సారుకు,” అన్నాడు ట్రాక్టర్లవాడు.

అదీ తిన్నాను. మూడోది కూడా వేయించాడు. వంతు వాడిది, వచ్చింది తినాలి. మూడోదాన్ని సగం దాకా తెచ్చేసరికి అమ్మాయి అన్న అసలు ప్రశ్న అడిగాడు.

“అన్నా, మీరు చెప్పండి. మనిషి ఎట్లాంటోడు?”

ట్రాక్టర్లవాడు నా కళ్ళలోకి చూశాడు.

“మనిషి బంగారం,” అన్నాడు.

ఆగాడు. నేను నమలడం ఆపాను. అమ్మాయి అన్న ముందుకు వంగాడు. వాడు బొంబాయి చట్నీ వేలితో నాకి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

“అయితే?” అన్నాడు అమ్మాయి అన్న.

“మిగతాది పెండ్లినాడు చెప్తాలే. అందరూ ఉంటారు కదా,” అన్నాడు వాడు.

అమ్మాయి అన్న అది తమాషా అనుకుని పకపకా నవ్వాడు. ఇంటికి వెళ్ళి, మనిషి మంచివాడు, మాడిన దోసెలు మూడు మారు మాట్లాడకుండా తిన్నాడని చెప్పాడట. సంబంధం కుదిరింది. కానీ నాకు తెలుసు, వాడు తమాషాకు అనలేదు. వాడు పెళ్ళికి వస్తాడు. మైకు దగ్గరో, భోజనాల దగ్గరో, ఆమె తరఫువాళ్ళందరి ముందూ ఆ “అయితే” బయటికి తీస్తాడు. ఏమంటాడో ఊహించడానికి నా బుర్రకు ఇప్పటికి పదకొండు దారులు తట్టాయి. పన్నెండోది వాడి దగ్గర ఉంటుంది. అది ఎప్పుడు వస్తుందోనని భయపడుతూ తాళి కట్టమనడమే వాడి ఉద్దేశం. బాగా ఊరబెట్టాడు, నాకంటే బాగా.

పిలవకుండా ఉండలేను, పిలవకపోతే ఆమె అన్నే అడుగుతాడు. నిన్న కర్నూలు వెళ్ళి పత్రిక ఇచ్చాను. షోరూములో మజ్జిగ ఇచ్చాడు. తాగాను. అక్కడి నుంచి ఆదోని వైపు పల్లెకు కూడా వెళ్ళి, వాళ్ళ అమ్మానాన్నలకు పత్రిక ఇచ్చి పిలిచాను. శాకాహార భోజనమే, ఉల్లిపాయ కూడా ఉండదు, తప్పకుండా రావాలన్నాను. వాళ్ళ నాన్న చాలా సంతోషించాడు. కొడుకుతో కలిసి ఒకే బంతిలో కూర్చుంటానన్నాడు. వసారాలోని కంచం అప్పుడు నేను కూడా చూశాను. బోర్లించి ఉంది.

వడ్డనకు మైదుకూరు శాకాహార హోటలు నుంచి మనుషులను మాట్లాడాను. వాడూ వాడి నాన్నా కూర్చునే బంతికి ఎవరు నీళ్ళు తేవాలో కూడా చెప్పాను. ఫ్యానులుంటాయా అని మాత్రమే అడిగాడు మా పాత సర్వరు. ఉంటాయన్నాను. అంతకు మించి అతనికి నేనేమీ నేర్పలేదు. నేర్పాల్సిన అవసరం పోయినసారీ రాలేదు.